పిడి లోపలి సాక్ష్యం

చిత్తూరు జిల్లాలో మాటకు రుజువు దొరకనప్పుడు పెద్దలు ఇప్పటికీ కాణిపాకం పేరెత్తుతారు. కాగితం లేదు, కళ్ళారా చూసినవాడు లేడు, ఇద్దరిలో ఎవరిది నిజమో తేలదు. అప్పుడు వరసిద్ధి వినాయకుడి ఎదుట ప్రమాణం చేయమంటారు. చేబదులు తగాదాల నుంచి రాజకీయ నాయకుల సవాళ్ళ దాకా అక్కడికి చేరని వివాదం లేదు. మనిషి మాటను తూచడానికి ఆ పద్ధతిలో ఒక బలం ఉంది: తెలిసి అబద్ధమాడేవాడు దేవుడి ముందు వెనకాడతాడు. తెలియక తప్పు చెప్పేవాడి సంగతి అలా కాదు. "ఇది జపాన్ సమురాయ్ కత్తి, మా తాత బర్మా యుద్ధం నుంచి తెచ్చాడు" అని ఒకాయన నిండు నమ్మకంతో ప్రమాణం చేయవచ్చు. ఆయన అబద్ధికుడు కాడు. అయినా ఆ కత్తి 1990ల తర్వాత చైనాలో తయారైన నకలు కావచ్చు, అసలైన జపాన్ కత్తే అయినా సమురాయ్ చేయి తగలని కర్మాగారపు సరుకు కావచ్చు, లేదా ఇంట్లో ఎవరూ ఊహించనంత పాతదీ కావచ్చు. జపాన్ సైనిక ఖడ్గాల సేకరణలోకి కొత్తగా అడుగుపెట్టేవారు ముందు ఒక వరస నేర్చుకోవాలి. మొదట ఉక్కును చదవాలి, తర్వాత దాని మీద చెక్కిన అక్షరాలను, అన్నిటికన్నా చివర దాని గురించి చెప్పే కథను. మన దగ్గర ఈ వరస తలకిందులుగా నడుస్తోంది. దాన్ని ఎందుకు సరిచేయాలో సాక్ష్యాధారాలతో చెప్పడమే ఈ వ్యాసం పని.

కథను చివర పెట్టాలన్నంత మాత్రాన కొట్టిపారేయాలని కాదు. ఆ యుద్ధం మనకు దూరంగా జరిగింది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. బర్మా రణరంగంలో పోరాడిన 14వ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. 1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయాక, ఆ దేశపు అధికారులు అందరూ చూస్తుండగా తమ కత్తులు అప్పగించి తీరాలని ఆగ్నేయాసియా సేనాపతి మౌంట్‌బాటెన్ పట్టుబట్టాడు. సెప్టెంబర్ 12న సింగపూర్‌లో లొంగుబాటు పత్రం మీద సంతకాలయ్యాయి. ఆరోగ్యం బాగాలేక ఆ రోజు రాలేకపోయిన ఫీల్డ్ మార్షల్ తెరౌచి నవంబర్ 30న సైగాన్‌లో తన కత్తులు స్వయంగా అప్పగించాడు. ఇలా పోగైన వేల కత్తులు మిత్రరాజ్యాల అధికారులకూ సైనిక దళాలకూ చేరాయి. కాబట్టి 1945, 46ల్లో ఆ ప్రాంతంలో పనిచేసి ఇంటికి వచ్చిన సైనికుడి పెట్టెలో జపాన్ కత్తి ఉందంటే నమ్మదగిన మాటే. అదే కథ "మా తాత 1942లో రంగూన్ నుంచి నడిచి వస్తూ తెచ్చాడు" అని మొదలైతే ఆగి ఆలోచించాలి. ఆ ఏడాది బర్మా నుంచి కాలినడకన వచ్చిన తెలుగువారు జపాన్ సేన చేరకముందే ప్రాణాలు అరచేత పట్టుకుని బయలుదేరినవారు. వెనక తరుముకొస్తున్న సైన్యపు అధికారి కత్తి వారి చేతికి ఎలా వస్తుంది? ఒక్క తేదీతో సరిపోల్చి చూస్తేనే సగం కథలు నిలబడవు. నిలబడిన కథ కూడా కత్తి ఏ దారిన ఇల్లు చేరిందో చెబుతుందే తప్ప, ఆ కత్తి ఏమిటో చెప్పదు.

కొత్తవారిని మొదట తికమక పెట్టేది కత్తి పైవేషం. 1876లో మెయిజీ ప్రభుత్వం సైనికులు, పోలీసులు వంటి వారు తప్ప మరెవరూ బహిరంగంగా కత్తి ధరించకూడదని ఆజ్ఞ జారీ చేసింది. సమురాయ్ వర్గపు ఆనవాలు అలా వీధుల్లోంచి మాయమైంది. కొత్త సైన్యం ఐరోపా పద్ధతిలో, వేళ్ళకు ఇత్తడి కాపు ఉన్న పిడులతో కత్తులు వాడింది. 1930ల్లో సైనిక జాతీయవాదం ముదిరాక మళ్ళీ పాత రూపం వైపు మళ్ళింది. 1934లో అధికారులకు 94వ రకం ఖడ్గం వచ్చింది. రే చేప చర్మం మీద దారపు అల్లిక చుట్టిన పిడి, చెర్రీ పూల నగిషీ ఉన్న ఇత్తడి సామగ్రి, గోధుమ రంగు లోహపు ఒర దాని గుర్తులు. ఒరకు వేలాడదీసే కొక్కేలు 94వ రకానికి రెండు, 1938 నాటి 98వ రకానికి ఒకటి. నౌకాదళం 1937లో తనకంటూ వేరే రూపం పెట్టుకుంది. అందులో తుప్పుపట్టని ఉక్కుతో చేసిన పలకలూ ఉన్నాయి. పిడికి కట్టే కుచ్చు రంగును బట్టి హోదా కూడా తెలుస్తుంది: లెఫ్టినెంటు, కెప్టెన్లకు నీలం, మేజరు నుంచి కల్నల్ వరకు ఎరుపు, జనరళ్ళకు ఎరుపుతో బంగారు దారం. ఇవన్నీ తెలుసుకోవాల్సినవే. అయితే ఇవన్నీ కత్తి తొడుక్కున్న చొక్కా వివరాలు. జపాన్ అధికారి తన కత్తి తానే కొనుక్కోవాలి, లేదా ఇంట్లో ఉన్నది తెచ్చుకోవాలి. తాతముత్తాతల నాటి పలకకు సైనిక పిడి, సైనిక ఒర తొడిగించుకుని యుద్ధానికి వెళ్ళినవారు చాలామంది. అందుకే ఒకే మాదిరి 98వ రకం ఒరలో 1942లో యంత్రం మీద చేసిన పలక ఉండవచ్చు, 16వ శతాబ్దంలో బిజెన్ సీమలో కొట్టిన పలకా ఉండవచ్చు. పైన చూసి వయసు చెప్పేవాడిని నమ్మకూడదు.

ఒక్క రకం మాత్రం దీనికి మినహాయింపు, నకళ్ళ బెడద కూడా దానికే ఎక్కువ. 1935లో అధికారి కాని హవల్దారు స్థాయి వారికి ప్రభుత్వమే ఇచ్చిన 95వ రకం కత్తి అది. దాని పలక యంత్రం మీద చేసింది, వెంబడి ఒక గాడి ఉంటుంది. పిడి మీద కనిపించేది నిజమైన దారపు అల్లిక కాదు, అల్లిక రూపంలో పోతపోసిన లోహం. మొదట రాగి, తర్వాత అల్యూమినియం, యుద్ధం చివర్లో కొయ్య వాడారు. పలక మీద వరస సంఖ్య గుద్ది ఉంటుంది, అదే సంఖ్య ఒర మీద కూడా ఉండాలి. నకళ్ళలో అంకెలు వంకరటింకరగా, లోతు తక్కువగా పడతాయి, పోతలో గీతలు మొద్దుబారి ఉంటాయి, ఒరలోకి తోస్తే కత్తి గలగలమంటుంది. అధికారుల కత్తుల నకళ్ళలో పిడి అల్లిక పట్టిస్తుంది. అసలు పనిలో దారం దాటే ప్రతి చోటా ఒకసారి ఎడమది పైకి వస్తే మరుసటి ముడిలో కుడిది పైకి వస్తుంది. నకలు చేసేవాడు అన్ని ముడులనూ ఒకే వైపు తిప్పేస్తాడు. పిడికీ పలకకూ మధ్య ఉండే లోహపు బిళ్ళలన్నిటి మీదా అసలు కత్తుల్లో చాలాసార్లు ఒకే కూర్పు సంఖ్య కనిపిస్తుంది. పలక మీద డ్రాగన్లూ పెద్దపెద్ద జపాన్ అక్షరాలూ ఆడంబరంగా చెక్కి సైనిక కత్తి అని అమ్మితే, అది దాదాపు ఎప్పుడూ నకలే.

ఇక ఉక్కు దగ్గరికి వద్దాం. సంప్రదాయ జపాన్ ఖడ్గానికి ముడిసరుకు ఇనుప ఇసుక. దాన్ని బొగ్గుతో కలిపి తతారా అనే మట్టి కొలిమిలో మూడు పగళ్ళు, మూడు రాత్రులు కరిగిస్తే, అడుగున పెద్ద ఉక్కు ముద్ద చేరుతుంది. అందులో మేలైన ముక్కలను తమహగనే అంటారు. వాటిలో కర్బనం సుమారు 1 నుంచి 1.5 శాతం. ముక్కకూ ముక్కకూ కర్బనంలో తేడా ఉంటుంది, మధ్యలో చిట్టెం కూడా ఇరుక్కుని ఉంటుంది. కమ్మరి ఆ ముక్కల్ని కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, మడిచి, మళ్ళీ కొట్టడం దీనికోసమే. ప్రతి మడతకూ పొరలు రెట్టింపవుతాయి. 10 మడతలకు 1,024 పొరలు. చిట్టెం బయటికి పోతుంది, కర్బనం సమంగా పరుచుకుని చివరికి 0.6, 0.7 శాతం దగ్గర నిలుస్తుంది. సాన పట్టాక ఆ పొరలు పలక మీద కొయ్య ఈనెల్లాంటి సన్నని గీతలుగా తేలతాయి. తర్వాతి ఘట్టం అసలైన విద్య. పలకకు మట్టి పూస్తారు, వాదర వైపు పలచగా, వీపు వైపు మందంగా. సుమారు 750 డిగ్రీల సెల్సియస్ పైకి ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచుతారు. పలచటి మట్టి ఉన్న వాదర క్షణాల్లో చల్లారి మార్టెన్సైట్ అనే అతి గట్టి స్ఫటిక రూపం పొందుతుంది. మందపు మట్టి కింద వీపు నెమ్మదిగా చల్లారి మెత్తగా, వంగే గుణంతో మిగులుతుంది. మార్టెన్సైట్‌కు మామూలు ఉక్కు కన్నా ఎక్కువ చోటు కావాలి. అందుకే వాదర సాగి, పలక వెనక్కి వంగుతుంది. జపాన్ కత్తి వంపులో కొంత భాగం కమ్మరి కొట్టింది, మిగతాది ఆ నీళ్ళలో పుట్టింది. గట్టి భాగమూ మెత్తటి భాగమూ కలిసే సరిహద్దు తెల్లటి అలలా కనిపిస్తుంది, దాన్నే హమోన్ అంటారు. మంచి పనిలో ఆ అలలో కంటికి కనిపించేంత మార్టెన్సైట్ రేణువులు మెరుస్తాయి. మన పల్లెల్లో కొడవలికి పదును పెట్టే కమ్మరికి ఈ సూత్రం కొత్తది కాదు. అంత పొడవైన పలకలో, పగులు రాకుండా, అంత సన్నని అదుపుతో చేయడమే గొప్ప.

1937 తర్వాత చైనాతో యుద్ధం పెరిగి సైన్యం ఉబ్బింది. ఇంత శ్రమతో అన్ని కత్తులు చేయడం అసాధ్యమైంది. గిఫు ప్రాంతంలోని సెకి పట్టణం వంటి చోట్ల కర్మాగారపు ఉక్కు కడ్డీలను సుత్తి యంత్రాలతో సాగదీసి, నీళ్ళకు బదులు నూనెలో చల్లార్చడం మొదలుపెట్టారు. నూనె వేడిని నెమ్మదిగా లాగుతుంది కాబట్టి పగుళ్ళు తక్కువ, వృథా తక్కువ. యుద్ధానికి పనికొచ్చే దృఢమైన కత్తే వస్తుంది. కానీ పొరల గీతలు ఉండవు, ఉన్న హమోన్ పొగమంచు గీతలా చదునుగా ఉంటుంది, రేణువుల మెరుపు ఉండదు. ఇలాంటి కత్తులను సేకర్తలు షోవాతో అంటారు. వీటి మీద తరచు షోవా, సెకి వంటి చిన్న ముద్ర ఉంటుంది. అదే కాలంలో పాత పద్ధతి వదలని కమ్మరులూ ఉన్నారు. సైన్యం ఎంపిక చేసి తమహగనే సరఫరా చేసిన కమ్మరుల పని మీద నక్షత్ర ముద్ర కనిపిస్తుంది. 1933లో టోక్యో యసుకుని ఆలయ ఆవరణలో స్థాపించిన కొలిమిలో 1945 వరకు సుమారు 8,100 కత్తులు సంప్రదాయంగా తయారయ్యాయి. ఇంటి వెలుగులోనే వీటిని విడదీసి చూడవచ్చు. గదిలో ఒకే దీపం పెట్టి, పలకను దాని వైపు మెల్లగా వంచి తిప్పాలి. నిజమైన హమోన్ కోణం మారేకొద్దీ వెలుగుతూ ఆరుతూ లోతుగా కనిపిస్తుంది. ఆమ్లంతోనో బ్రష్షుతోనో పైపైన గీసిన తెల్లగీత ఏ కోణంలో చూసినా ఒకే తెలుపు. కొంటున్నవారు చేయగలిగిన మొదటి ప్రయోగం ఇదే. అనుభవం పెరిగేకొద్దీ దీని విలువ తెలుస్తుంది.

రెండో సాక్షి పిడి లోపల ఉంటుంది. పిడికి అడ్డంగా దిగిన చిన్న వెదురు మేకును జాగ్రత్తగా వెలికి నెడితే పిడి ఊడి వస్తుంది. అప్పుడు బయటపడే ఇనుప తోకను నకాగో అంటారు. సైనిక కత్తుల్లో కొన్నిటికి మేకుతో పాటు ఒక మర కూడా ఉంటుంది, ముందు అది విప్పాలి. పలకకు ఎన్నిసార్లైనా సాన పడతారు గానీ నకాగోను ఎవరూ ముట్టరు. అందుకే దాని మీది తుప్పు ఒక కాలమానం. శతాబ్దాల నాటి నకాగో నల్లగా, నున్నగా, లోతైన రంగుతో ఉంటుంది. 80 ఏళ్ళ నాటిది బూడిద, గోధుమ రంగుల్లో, ఆకురాయి గీతలు ఇంకా పదునుగా కనిపిస్తూ ఉంటుంది. ఎర్రగా పొడిపొడిగా రాలే తుప్పు నిన్న మొన్నటిది, లేదా వయసు పెంచి చూపడానికి ఆమ్లం పూసింది. ఒకటికి మించి మేకు రంధ్రాలుంటే కత్తిని ఎప్పుడో కురచ చేసి ఉంటారు, లేదా పిడి మార్చి ఉంటారు. ఒక వైపు కమ్మరి పేరు, రెండో వైపు తేదీ చెక్కి ఉండవచ్చు. తేదీలో షోవా శకపు సంవత్సరం ఉంటే దానికి 1925 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. షోవా 17 అంటే 1942. ఇంత చెప్పే భాగాన్ని మన ఇళ్ళలో పాడుచేసే తీరు బాధ కలిగిస్తుంది. చింతపండు పెట్టి తోమి, ఉప్పుకాగితంతో రుద్ది, తళతళలాడించి అమ్మకానికి పెడతారు. అది శుభ్రం చేయడం కాదు, దస్తావేజును చెరిపేయడం. నకాగో మీది తుప్పు పోయిన కత్తికి పుట్టిన తేదీ పోయినట్టే. విలువలో పెద్ద భాగం ఆ ఒక్క మధ్యాహ్నంలో పోతుంది.

ఇక్కడ ఒక సహేతుకమైన ఆక్షేపణ ఉంది. పేరు చెక్కి ఉంటే చాలు కదా, ఉక్కు చదవడం కొత్తవాడి వల్ల అవుతుందా, అని. పేరు చెక్కడం ఉక్కు చేయడం కన్నా చాలా సులువు, కాబట్టి చాలదు. ప్రసిద్ధ కమ్మరుల పేర్లతో దొంగ సంతకాలు జపాన్‌లోనే శతాబ్దాలుగా చెక్కుతూ వచ్చారు. అవి పాతవి, వాటి మీది తుప్పు కూడా పాతదే. పైగా బిజెన్ ఒసాఫునేలో సుకెసదా వంటి ఒకే పేరు పెట్టుకున్న కమ్మరులు తరతరాలుగా ఎందరో ఉన్నారు. అంతర్యుద్ధాల కాలంలో ఆ పేరుతో మంచి కత్తులూ వచ్చాయి, సిపాయిల కోసం హడావుడిగా గుట్టలుగా చేసినవీ వచ్చాయి. మరోవైపు చూస్తే, జపాన్ కమ్మరుల్లో అందరికన్నా పేరున్న మాసామునే పనిగా గుర్తించినవాటిలో చాలావాటికి సంతకమే లేదు. పండితులు వాటిని ఉక్కు గీతలనూ హమోన్ రేణువులనూ చూసి నిర్ణయించారు. 1939లో జాతీయ సంపదగా ప్రకటించిన, హోంజో మాసామునే అనే ఆయన కత్తిని 1945 డిసెంబరులో తొకుగావా వంశస్థులు మెజిరో పోలీసు ఠాణాలో అప్పగించారు. ఆ తర్వాత దాని జాడ లేదు. ఎప్పటికైనా ఏ ఇంట్లోనైనా అది బయటపడితే దాన్ని గుర్తుపట్టేది యజమాని చెప్పే కథ వల్ల కాదు, పలక మీది ఆనవాళ్ళ వల్ల. ఇప్పుడు ప్రయోగశాలలు కూడా ఇదే దారిలో నడుస్తున్నాయి. ఇంగ్లండ్‌లోని ఐసిస్ కేంద్రంలో న్యూట్రాన్ కిరణాలు పంపి, జపాన్ కత్తిని కోయకుండా, గీయకుండా లోపలి ఉక్కు కూర్పును, కర్బనం తేడాలను కొలిచారు. పండితుడి కన్ను పైన చదివేదాన్ని పరికరం లోపలి నుంచి చదువుతుంది.

ఇదంతా పరాయి దేశపు విద్య అనుకోనక్కరలేదు. ఉక్కును చూసి కత్తి పుట్టుక చెప్పే పద్ధతికి తెలుగునేల మీదే గట్టి ఉదాహరణ ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఇనుమును కర్బనంతో కలిపి కరిగించి ఉక్కు ముద్దలు తీసేవారు. 1820ల ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్సీ ఆ పని స్వయంగా చూసి రాశాడు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చి దగ్గరుండి తయారీ చూసుకునేవారని కూడా రాశాడు. సుమారు 1.5 శాతం కర్బనం ఉన్న ఆ ముద్దను తక్కువ వేడి మీద ఓర్పుగా సాగగొడితే కత్తి పలక మీద నీటి అలల్లాంటి గీతలు తేలేవి. డమాస్కస్ కత్తులని లోకమంతా పొగిడినవి ఇలాంటి ఉక్కుతో చేసినవే. ఆ గీతలు ఎలా వచ్చాయన్నది చాలా కాలం చిక్కుముడిగా ఉండింది. అమెరికాలో లోహశాస్త్రవేత్త జాన్ వెర్హోవెన్, కత్తుల కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి ప్రయోగాలు చేసి, 1998లో ప్రకటించిన వివరణ ప్రకారం, ఖనిజంతో పాటు వచ్చిన వనేడియం వంటి మూలకాలు అతి స్వల్ప మోతాదులో ఉన్నా చాలు, కార్బైడ్ రేణువులు వరసలు కడతాయి. ఆ ఖనిజం మారితే గీతలూ పోతాయి. జపాన్ కత్తిలో గీత మడతల నుంచి వస్తే, కోనసముద్రపు ఉక్కులో గీత మూసలోంచి వస్తుంది. ఈ రెంటికీ తేడా చూడగలిగినవాడిని ఆమ్లపు గీతలతో మోసగించడం కష్టం. తెలుగువారు జపాన్ కత్తుల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఈ ఉక్కు మీద పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది. సంతలో ధర పలికేది ఉక్కుకా, కథకా? 2023 మేలో లండన్‌లో టిప్పు సుల్తాన్ ఖడ్గం ఒక కోటీ 40 లక్షల పౌండ్లకు పైగా పలికింది. అలాంటి ఉక్కుతో చేసిన మామూలు కత్తికి అందులో చిన్న భాగం కూడా రాదు. టిప్పు తండ్రి హైదర్ అలీ 1782 డిసెంబరులో కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలోనే కాబట్టి, ఆ వంశపు ఆయుధాల కథలకు ఈ సీమలో కొదవ ఉండదు. మరి కథే ధర కదా? కాదు, రుజువైన కథ ధర. ఆ ఖడ్గం పలక మీద బంగారు అక్షరాల్లో పాలకుడి ఖడ్గమని చెక్కి ఉంది. 1799 మేలో శ్రీరంగపట్నం పడిపోయాక దాన్ని సైన్యం మేజర్ జనరల్ డేవిడ్ బెయిర్డ్‌కు బహూకరించినట్టు ఆధారం ఉంది. ముందు వస్తువు తన కాలానికి, తన స్థాయికి సరిపోయింది. తర్వాత కాగితం, చేతులు మారిన క్రమం దానికి తోడయ్యాయి. జపాన్ సైనిక కత్తులకూ ఇదే వర్తిస్తుంది. కత్తితో పాటు లొంగుబాటు నాడు కట్టిన, యజమాని పేరు రాసిన కొయ్య బిళ్ళో గుడ్డ పేలికో, తెచ్చుకున్న సైనికుడికి అధికారులిచ్చిన అనుమతి కాగితమో, అతని సేవా పుస్తకమో ఉంటే విలువ నిజంగా పెరుగుతుంది. ఆ కాగితాలు కత్తి కన్నా ముందు చెదలపాలవుతాయి కనుక వాటిని విడిగా భద్రపరచాలి. ఏ కాగితమూ లేని కథకు మాత్రం ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకూడదు.

ఇక వెల సంగతి. రూపాయల్లో అంకెలు ఏటికేడు మారతాయి, వరస మాత్రం అంతగా మారదు. అడుగున యంత్రపు 95వ రకం. దాని విలువ చరిత్రది, ఒరతో సంఖ్య కలిసి, రంగు చెడకుండా ఉంటేనే చెప్పుకోదగ్గ వెల. దాని పైన అధికారుల షోవాతో కత్తులు. వీటిలో దక్షిణ మంచూరియా రైల్వే కంపెనీ చేయించిన కత్తుల వంటివి సంప్రదాయ పని కాకపోయినా ప్రత్యేక ఉక్కు వల్ల, చరిత్ర వల్ల మంచి ధర తెచ్చుకుంటాయి. ఆ పైన నక్షత్ర ముద్రవి, యసుకునివి. అన్నిటి పైన సైనిక ఒరలో దాగిన, మంచి స్థితిలో ఉన్న పాత పలకలు. ఈ వరసకు జపాన్ చట్టం కూడా ఒక కారణం. అక్కడ కళాఖండంగా నమోదైన సంప్రదాయ ఖడ్గాన్నే ఇంట్లో ఉంచుకోనిస్తారు. షోవాతోకు నమోదు దొరకదు. తన పుట్టిన దేశంలోనే ఉండలేని కత్తికి అక్కడ కొనేవాడు లేడు. 1948లో ఏర్పడిన జపాన్ కళా ఖడ్గ సంరక్షణ సంఘం ఇచ్చే ధ్రువపత్రాలే ఈ రంగంలో ఎక్కువమంది ఒప్పుకునేవి, అవి కూడా సంప్రదాయ కత్తులకే. స్థితి విషయంలో ఒక్క లోపం అన్నిటినీ మింగేస్తుంది: వాదరకు అడ్డంగా, వెంట్రుకంత సన్నగా వచ్చే పగులు. అది పలకను చంపిన దెబ్బే, ఏ సానా దాన్ని బాగుచేయదు. కొన దగ్గర హమోన్ అరిగిపోయినా అంతే. పైపైన తుప్పు మచ్చలు మాత్రం అంత భయపడాల్సినవి కావు, శిక్షణ పొందిన సానకారుడు వాటిని తీయగలడు. అయితే ఆ సానకు ఖర్చు, కాలం రెండూ ఎక్కువ, మామూలు షోవాతో ధరను మించిపోవచ్చు. ఊరి సాన యంత్రం మీద పెట్టించడం కన్నా మచ్చలతో వదిలేయడం వెయ్యిరెట్లు నయం.

హింసకు వాడిన వస్తువును సేకరించడం తగునా అన్న ప్రశ్నను తప్పించుకోకూడదు. ఆ సైన్యం చేతిలో ఆసియా ప్రజలు పడిన బాధ చిన్నది కాదు. సయాం, బర్మా రైలుమార్గం కోసం మలయా తోటల నుంచి తరలించిన దక్షిణ భారత కూలీలు వేలసంఖ్యలో చనిపోయారు. అందుకే ఈ కత్తులను వీరత్వపు బొమ్మలుగా గోడకు తగిలించడం నాకు నచ్చదు. కానీ దాచేస్తేనో కరిగిస్తేనో ఆ చరిత్ర మాసిపోదు, సాక్ష్యం మాత్రం పోతుంది. ఏది ఎవరు ఎందుకు చేశారో సరిగ్గా రాసిపెట్టిన సేకరణ మ్యూజియం పని చేస్తుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ కత్తులూ, మన దేశపు ఆయుధాలూ ఒకే కప్పు కింద ఉన్నాయి. కొనే ముందు అక్కడ కొన్ని గంటలు అద్దానికి దగ్గరగా నిలబడి చూడటం ఏ పుస్తకం కన్నా మేలు.

చివరగా చట్టం. మన ఆయుధాల చట్టం 1959 ప్రకారం కత్తి ఆయుధమే. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో దాన్ని ఉంచుకోవడానికి లైసెన్సు కావాలి, విదేశం నుంచి తెప్పించడానికీ అనుమతి కావాలి. మీ ప్రాంతపు నిబంధన ఏమిటో ముందే పోలీసు ఠాణాలో అడిగి తెలుసుకోండి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం 100 ఏళ్ళు నిండిన చారిత్రక వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. సైనిక ఒరలో దాగిన పాత పలకకు ఈ నిబంధన ఇప్పుడే వర్తిస్తుంది. 1935 నాటి 95వ రకం కత్తికి 2035లో వర్తిస్తుంది. ఇంట్లో ఇప్పటికే ఇలాంటి కత్తి ఉన్నవారికి ఒక్క విన్నపం: తోమకండి, సాన పెట్టకండి, నకాగోను ముట్టకండి. పిడి విప్పి రెండు వైపులా స్పష్టంగా ఫోటోలు తీయించి, పలకకు పలచగా నూనె రాసి, కత్తితో వచ్చిన ప్రతి కాగితాన్నీ విడిగా దాచి, అమ్మకం మాట ఆ తర్వాతే ఎత్తండి.